మంద్రతంత్రికి తగిన పాట

మన పాఠశాల వార్షికోత్సవము సమీపించుచున్నది. ఈ యేడు పదవ తరగతి విద్యార్థి యొకడు బేసు గిటారు వాయింపగోరుచున్నాడు. వానికి పదునైదు నిమిషముల కాల మొసగబడినది. "అయ్యవారూ, ఏ పాటలు వాయింపమందురు?" అని వాడు నన్నడిగెను. ప్రశ్న చిన్నదే కాని, దానిపై ఉపాధ్యాయుల గదిలో రెండు దినములు చర్చ సాగినది. ఈ వాద్యము మనది కాదు, వలదని కొందరనిరి. సినిమా పాటలు చాలునని కొందరనిరి. తెలుగు బడిలో తెలుగు పాట తప్ప వేరొకటి వినబడరాదని మరికొందరనిరి. ఈ మూడు మాటలను గూర్చి నా యభిప్రాయమును విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును విన్నవించుచున్నాను.

వాద్యము మనది కాదను వారికి నొక్క మాట. వయొలిను పాశ్చాత్యులనుండి వచ్చినదే. పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్లలో బాలుస్వామి దీక్షితులు మొదలగువారు దానిని కర్ణాటక సంగీతమునకు మలచుకొనిరి. మనకు పొరుగుననున్న బెంగుళూరున 1893లో జన్మించిన ద్వారం వేంకటస్వామి నాయుడు గారు ఆ వాద్యముతోనే తెలుగువారికి కీర్తి తెచ్చిరి. పాలకొల్లున 1969లో జన్మించిన శ్రీనివాస్ గారికి మాండొలిను ఇంటిపేరే యైనది. కావున వాద్యమును పుట్టినచోటును బట్టి వెలివేయుట తగదు.

అయినను దాని స్వభావము నెరిగి పాట నెంచవలెను. బేసు గిటారును 1951లో అమెరికాలో లియో ఫెండరు వ్యాప్తికి దెచ్చెను. దీనికి సాధారణముగా నాలుగు తీగెలు. మామూలు గిటారులోని నాలుగు లావు తీగెలకంటె నివి యొక స్థాయి క్రిందుగా పలుకును. తాళమును స్వరమును కలిపి, పాటను అడుగుననుండి మోయుట దీని పని. ఒంటరిగా వేదిక నెక్కినప్పుడు ప్రతి పాటయు దీనికి నొదుగదు. గమకప్రధానమైన తోడి వంటి రాగము ఈ లావు తీగెలపై పసివ్రేళ్లకు లొంగదు. మోహనము, శంకరాభరణములలో సరళముగా నడచు వరుసలు మేలు. ముత్తుస్వామి దీక్షితులు పాశ్చాత్య బ్యాండు వరుసలకు సంస్కృత సాహిత్యము కూర్చిన నోట్టుస్వరములు ఇందుకు చక్కగా సరిపడును.

సినిమా పాట యనగానే ముఖము చిట్లింపనక్కరలేదు. ఇళయరాజా గారు తెలుగు, తమిళ చిత్రములకు కూర్చిన అనేక గీతములలో బేసు గిటారు వరుస తనంతట తానొక పాటవలె వినబడును. వాటిని సాధన చేసిన బాలుడు చాల నేర్చుకొనగలడు. అయితే నిన్న చరవాణిలో వినబడినదన్న కారణ మొక్కటే చాలదు.

మూడవ మాట యొకప్పుడు నాదే. నేను ఆంధ్రప్రదేశమున శిక్షణము పొంది ఇచ్చటికి వచ్చితిని. తొలియేటి వార్షికోత్సవమునకు పాటలన్నియు నేనే యెంచితిని. అన్నియు శుద్ధమైన తెలుగు రచనలే. పిల్లలు తప్పులేక పాడిరి. సభలోని తల్లులు మర్యాదగా వినిరి, చప్పట్లు కొట్టిరి. ఒక్కరి పెదవియు కదలలేదు. అందరును లేచి పోవుచుండగా నొక ముసలమ్మ మనుమరాలిని చంక నెత్తుకొని సువ్విపాట యొకటి కూనిరాగము తీసెను. ప్రక్కనున్న నలుగురు స్త్రీలు దాని నందుకొనిరి. ఆ పాట నాకు రాదు. అందలి మాటలు కొన్ని నాకు తెలియనే తెలియవు. నేను తెలుగు నేర్ప వచ్చిన యూరిలో నాకు ముందే తెలుగున్నదని ఆనాడు తెలిసినది.

బేసు గిటారుకు మాటలు లేవు. అది మ్రోగునప్పుడు మాట పుట్టవలసినది వినువారి లోపలనే. ఎరిగిన పాటయైనచో తీగె కదలగానే శ్రోత నాలుకపై మాట కదలును. ఎరుగని పాటయైనచో నది తెలుగో కాదో యెవరికిని తెలియదు. కాబట్టి మన తల్లులు ఏ పాటకు పెదవి కదుపుదురో ఆ పాటను మొదట వెదకవలెను.

ఇది వినోదమునకు సంబంధించిన మాట మాత్రమే కాదు. మన జూజువాడి దాటిన కన్నడసీమ, ఇటు తమిళసీమ. తమిళ అభ్యసనమును గూర్చి 2006లో చట్టము వచ్చిన పిదప మన పిల్లలు తమిళమును తప్పక చదువవలసియున్నది. పొరుగువారి భాష నేర్చుట మేలే. కాని తెలుగునకు బడిలో దొరకు గంటలు కొద్ది. ఇంటిలో పాట నిలిచిననే ఆ గంటలకు బలము.

కావున ఆ విద్యార్థికి నేను నాలుగు పాటలు చాలునంటిని. మొదట వ్రేళ్లు కుదురుటకు నోట్టుస్వర మొకటి. రెండవది, తన యింటిలో పెద్దలు పాడు పాట. దాని మాటలను ముందుగా పుస్తకమున వ్రాసికొనవలెను. మూడవది, హోసూరు చెంత తొరపల్లిలో 1878లో జన్మించిన రాజాజీ గారు తమిళమున రచించిన 'కురై ఒన్రుం ఇల్లై'. అది పొరుగువారికి మన మర్యాద. నాలుగవది, వాని మనసునకు నచ్చిన సినిమా పాట. ప్రతి పాటను ఇంటివారియెదుట వాయించి, దాని పేరడుగుమంటిని. వారు చెప్పలేకపోయినచో దానిని మార్చవలెను.

మరునాడు వాడు పుస్తకముతో వచ్చెను. వాని అవ్వ చెప్పిన కోలాటపు పాట అందున్నది. పల్లవియు నొక చరణమును మాత్రమే. మిగిలినది ఆమెకు జ్ఞప్తికి రాలేదట. తల్లిదండ్రులారా, మీ యిండ్లలోని పాటలను పిల్లలచేత వ్రాయించి పంపుడు. అవ్వ మరచిన చరణము మీలో నెవరియొద్దనో యుండవచ్చును.