తోమకూడని బంగారం

యానాం నుంచి ఒక సోదరి వ్రాసింది. ఆ వూరు 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో వున్నది గదా; అప్పుడెప్పుడో వాళ్ల తాతగారు వేలంలో కొన్న ధూపదానుల జత యింట్లో వున్నదట. తెల్లని చలువరాతి గిన్నెలు, వాటికి కంచు మేకతలలు, పూలదండలు, మూడేసి కాళ్లు. ‘‘నల్లబడ్డవి. చింతపండు పెట్టి తోమవచ్చునా?’’ అని ప్రశ్న.

వద్దమ్మా! పులుపు తగిలితే చలువరాయి నునుపు పోతుంది. కంచు మీద మెరిసేది మన యిత్తడి చెంబు మెరుపు కాదు, పలుచని బంగారు పొర. పూర్వం ఫ్రాన్సులో బంగారాన్ని పాదరసంలో కలిపి, ఆ ముద్దను కంచుకు పూసి, నిప్పుల మీద కాచేవారు. పాదరసం ఆవిరైపోయి బంగారం అంటుకునేది. ఆ ఆవిరి పీల్చిన పనివాళ్లకు చేతులు వణికేవి, పళ్లు వూడేవి. అంత ఖరీదైన పూత అది.

ఈ పనిలో పియేర్ గూత్యేర్ (1732–1813) అందెవేసిన చెయ్యి. ఆయన జాస్పర్ అనే ఎర్రరాతి గిన్నెకు కంచు కాళ్లు అమర్చి, నడుమ పామును చుట్టి చేసిన ధూపదానిని 1782లో మేరీ ఆంట్వానెట్ రాణి వేలంలో 12,000 లీవ్రులకు కొన్నది. రాణి తల 1793లో తెగింది. ధూపదాని చెక్కుచెదరక నేడు లండనులో వాలెస్ కలెక్షన్‌లో వున్నది. గూత్యేర్‌కు పెద్ద బాకీ పడ్డ దు బారీ దొరసాని కూడ ఆ యేడే గిలటిన్ పాలైంది. రాణులకు బంగారం పూసినవాడు పేదవాడుగా పోయాడు.

అన్నట్టు, ఇటువంటివన్నీ సాంబ్రాణి వేయడానికే అనుకోకండి. మూతకు రంధ్రాలుండి, లోపల లోహపు గిన్నె వుంటే ధూపానికి పనికి వచ్చేది. కొన్నిటి మూత తిరగేస్తే కొవ్వొత్తి గుచ్చే గుంట వుంటుంది. పందొమ్మిదో శతాబ్దంలో నకళ్లు చాలా వచ్చినవి. వాటిలో ఎన్నో చలిమంట గూటిపై అలంకారానికి నిలిపినవే. వట్టి రాతిలో నిప్పులు పోస్తే పగలవచ్చు.

మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, పొడిగుడ్డతో అద్దండి, చాలును.

ఈ మాటే సోదరికి వ్రాశాను. జవాబు వచ్చింది: పండుగ ముందు అత్తగారు ఒకదానిని తోమేశారట. మేకల ముక్కులు ఎర్రగా తేలాయట. రెండవ దానిని బీరువాలో పెట్టి తాళం వేసుకున్నది.