పైపుల కంటే ముందు ట్యాంకుల సంగతి

చిన్న పట్టణంలో మురుగు మాట వస్తే అందరూ ముందుగా అడిగేది భూగర్భ డ్రైనేజీ. అడగడంలో తప్పు లేదు. కానీ ముప్పై వేల జనాభా ఉన్న ఊరు మొదట వేయాల్సిన అడుగు అది కాదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో ఇచ్చిన లెక్క ప్రకారం దేశంలోని పట్టణాల్లో రోజుకు 7,237 కోట్ల లీటర్ల మురుగునీరు పుడుతోంది. కట్టిన శుద్ధి కేంద్రాల సామర్థ్యం 3,184 కోట్ల లీటర్లయితే, నిజంగా శుద్ధి అవుతున్నది 2,023 కోట్లే. అంటే కట్టినదాంట్లోనే మూడో వంతుకు పైగా పనికి రావడం లేదు. కట్టడం కన్నా నడపడమే కష్టమని ఈ అంకెలు చెబుతున్నాయి.

చిన్న ఊళ్లో ఈ కష్టం ఇంకా ఎక్కువ. భూగర్భ పైపు పూడకుండా ఉండాలంటే నీరు సెకనుకు సుమారు 0.6 మీటర్ల వేగంతో పారాలి. కుళాయి రోజు విడిచి రోజు వచ్చే ఊళ్లో, సగం ఇళ్లు కలవని లైనులో అంత నీరు ఎక్కడి నుంచి వస్తుంది? పైపు పూడుతుంది, మ్యాన్‌హోల్ పొంగుతుంది, చివరికి ఒక పేదవాణ్ని అందులోకి దింపుతారు. రక్షణ లేకుండా దింపడం పాకీపనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. అయినా చావులు ఆగలేదు. మృతుల కుటుంబాలకు 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది.

చిన్న ఊళ్లో అసలు సమస్య సెప్టిక్ ట్యాంకుది. అందులో పైన తెట్టు, మధ్యన నీరు, అడుగున బురద ఉంటాయి. బురద పెరిగేకొద్దీ నీరు నిలిచే చోటు తగ్గి, మలినం తేరుకోకుండానే వీధి కాలువలో పడుతుంది. రెండు మూడేళ్లకోసారి తోడించాల్సిన ట్యాంకును పొంగేదాకా వదిలేస్తాం. తోడిన బండి ఊరవతల ఏ వాగు గట్టునో ఖాళీ అవుతుంది. బెంగళూరు దగ్గరి దేవనహళ్లిలో 2015లో దీనికి ఒక దారి చూపారు. రోజుకు 6,000 లీటర్లు, అంటే ఒకటి రెండు బండ్ల బురదను శుద్ధి చేయగల కేంద్రం అక్కడ కట్టారు. నేల వాలునే ఆధారంగా బురద తొట్టి నుంచి తొట్టికి దిగుతుంది, ఇసుక, కంకర పరిచిన మడుల్లో ఎండుతుంది. ఎండినదాన్ని తడి చెత్తతో కలిపి ఎరువు చేస్తారు. మన నరసాపురం, వరంగల్‌లలోనూ బురద శుద్ధి కేంద్రాలు వెలిశాయి.

బురద సంగతి చూస్తే సరిపోతుందా, వంటింటి, స్నానాల నీటి మాటేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఆ నీరు చాలా ఎక్కువ, దానికి కాలువ చివర తుంగ, జమ్ము పెంచిన మడుగులు కావాలి. కానీ ట్యాంకులు తోడకపోతే ఆ మడుగులూ మలంతోనే నిండుతాయి. అందుకే వరుస ముఖ్యం. జనం డబ్బు కట్టరన్నది రెండో అభ్యంతరం. మహారాష్ట్రలోని వాయి పట్టణం 2018లో మూడేళ్లకోసారి ప్రతి ట్యాంకునూ వంతులవారీగా తోడే పద్ధతి మొదలుపెట్టింది. బండి వచ్చిన రోజున ఒకేసారి వేలు అడగకుండా, ఖర్చును పారిశుద్ధ్య పన్ను కింద ఏటా కొంచెం కొంచెంగా వసూలు చేస్తోంది. ఇప్పుడు మనం ట్యాంకరు వాడికి ఇస్తున్నదీ మన డబ్బే, కాకపోతే బురద ఎటు పోతోందో అడగకుండా ఇస్తున్నాం.

లక్షలోపు జనాభా ఉన్న పట్టణాల మురుగు శుద్ధికి 2021లో వచ్చిన రెండో విడత స్వచ్ఛ భారత్‌లో కేంద్రం నిధులు పెట్టింది. కాబట్టి మీ కౌన్సిలర్ ఈసారి వార్డుకు వచ్చినప్పుడు, మన వీధిలో తోడిన ట్యాంకరు ఎక్కడ ఖాళీ అవుతోందో తప్పక అడగండి.