పుల్లని వేడినీళ్లు

పిల్లలూ! ఈ నెల మనం జపాను దేశం పోయి, ఒక వేడినీటి బుగ్గను చూసి వద్దాం. జపానులో ఇటువంటి బుగ్గలు వేలకొద్దీ ఉన్నాయి. మనం చూడబోయేది ఉత్తరాన అకిటా ప్రాంతంలో, యాకెయామా అనే అగ్నిపర్వతం పక్కన ఉన్నది. దాని పేరు తమగావా.

దగ్గరికి పోయేసరికి చెట్లు పోయి, బోడిరాళ్లు వస్తాయి. రాళ్ల సందుల్లోంచి ఆవిరి బుసలు కొడుతూ ఉంటుంది. కుళ్లిన కోడిగుడ్ల వాసన! అది గంధకపు వాయువు వాసన. ఇంకాస్త ముందుకు పోతే అసలు బుగ్గ కనిపిస్తుంది. నీరు కుతకుతమంటూ పైకి పొంగుతుంది. వేడి 98 డిగ్రీలు. నిమిషానికి దాదాపు 9,000 లీటర్లు! జపానులో ఒక్కచోటి నుంచే ఇంత వేడినీరు వచ్చే బుగ్గ మరొకటి లేదు. కంచె దాటకండి సుమా!

ఈ నీరు ఎక్కడిది? వాననీరూ, మంచు కరిగిన నీరూ భూమిలోకి ఇంకుతాయి. అడుగున అగ్నిపర్వతపు వేడికి కాగుతాయి. అక్కడి వాయువులు కలిసి ఆ నీటిలో హైడ్రోక్లోరికామ్లం తయారవుతుంది. అందుకే ఈ నీరు నిమ్మరసం కంటె పులుపు. స్నానం చేసేవారి కోసం సగానికి సగం మంచినీళ్లు కలిపిన తొట్టి కూడా ఉన్నది.

ఈ నీరు కలిసిన ఏటిలో చేప బతకదు. ఆ నీరు పొలాలకు చెరుపు. ప్రజలు దాన్ని విషజలం అన్నారు. పులుపును పల్చన చేయడానికీ, విద్యుచ్ఛక్తి తీయడానికీ 1940లో ఆ ఏటిని తజావా సరస్సులోకి మళ్లించారు. దాని లోతు 423 మీటర్లు; జపానులో అంత లోతైన సరస్సు లేదు. అంత నీటిలో ఈ పులుపెంత అనుకున్నారు. కాని సరస్సులో చేపలు దాదాపు అన్నీ చచ్చిపోయాయి. వాటిలో కునిమసు అనే నల్లని చేప మరెక్కడా లేనిది. వల వేసి బతికేవారి కూడు పోయింది. తరువాత బహుమానం ప్రకటించి వెతికించినా ఆ చేప దొరకలేదు.

అయితే 2010లో ఒక చిత్రం జరిగింది. క్యోటో విశ్వవిద్యాలయంలోని నకాబో అనే ఆచార్యుడు, సకానా-కున్ అనే చిత్రకారుణ్ణి కునిమసు బొమ్మ వేయమన్నాడు. ఆయన పోలిక కోసం ఫూజీ కొండ దగ్గరి సైకో సరస్సు నుంచి, దాని బంధువైన మరో రకం చేపలు తెప్పించాడు. వచ్చినవాటిలో కొన్ని నల్లగా ఉన్నాయి. పరీక్షిస్తే అవి కునిమసులే! 1935లో ఆ సరస్సుకు పంపిన గుడ్ల సంతతి అన్నమాట.

1989 నుంచి తమగావా నీటిని సున్నపురాతి మీదుగా పోనిచ్చి పులుపు విరుస్తున్నారు. అయినా తజావాలో పులుపు ఇంకా పూర్తిగా పోలేదు. కునిమసు ఇల్లు చేరలేదు. చెడగొట్టటం కొద్ది ఏళ్ల పని, బాగుచేయటం ఎన్ని తరాల పనో చూశారా?

సున్నం పులుపును ఎలా విరుస్తుందో మీరే చూడవచ్చు. కోడిగుడ్డు పెంకులో ఉన్నదీ సున్నపురాతిలో ఉన్నదీ ఒకే పదార్థం. గాజుగ్లాసులో నిమ్మరసం పోసి, పెంకుముక్క వేయండి. ఏం జరిగిందో పుస్తకంలో రాసుకోండి.