ఫైన్ సగం చట్టమే, మిగతా సగం ఎవరు అమలు చేస్తారు?



పోస్టు కొంచెం పెద్దదే. కానీ సంతకి వెళ్ళే ప్రతి ఇంటికీ సంబంధించిన విషయం, ఓపికగా చివరిదాకా చదవండి.

పోయిన సంత రోజు నేను ఊళ్ళోనే ఉన్నాను. పసుపు మూటలు, చింతపండు బుట్టలు, రెండు నాటుకోళ్ళు. ముగ్గురు ఎక్కాల్సిన ఆటోలో పదకొండు మందిమి ఎక్కాం. ఘాట్ మలుపు దగ్గర చెకింగ్. మనవాళ్ళు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అంటారు గదా, ఆ అధికారి బండి ఆపారు, ఫోటో తీశారు, చలానా రాశారు, ఎనిమిది మందిని దించేశారు. డ్రైవర్ మన కుర్రాడే, డిగ్రీ మధ్యలో ఆపేసి ఫైనాన్స్‌లో ఆటో తీసుకున్నాడు. దిగినవాళ్ళలో మా పక్కింటి అవ్వ ఉంది. "బాబూ, మరి మేం ఎలా ఎల్తాం? మజ్జానం దాటితే పసుపు అడిగినోడే ఉండడు" అంది. "అది మీరే చూసుకోవాలమ్మా" అని ఆయన జీపు ఎక్కేశారు.

రెండు మలుపులు మూటలతో నడిచాం. సిమెంటు దించి వస్తున్న బొలెరో పికప్ ఒకటి ఆగింది. అవ్వతో సహా అందరం అందులో ఎక్కి, వెనక రేకు పట్టుకుని నిలబడి సంతకి చేరాం.

అంటే ఆ రోజు జరిగిన రోడ్డు భద్రత ఏంటి? సీటు ఉన్న బండిలోంచి దించి సీటే లేని బండిలోకి ఎక్కించారు. రికార్డులో మాత్రం ఒక కేసు పెరిగింది.

ఇంటికొచ్చి చట్టం తీసి చదివాను. మోటారు వాహనాల చట్టం 1988, దాన్ని 2019లో సవరించారు. అందులో 194ఎ సెక్షన్ ఉంది. పర్మిట్‌లో ఉన్నదానికంటే ఎక్కువ మందిని ఎక్కిస్తే ఒక్కో మనిషికి 200 రూపాయలు ఫైన్. మా ఆటో లెక్కన 1,600. ఇంతవరకు అందరికీ తెలుసు. ఆ కిందనే ఇంకో మాట ఉంది, దాన్ని మాత్రం ఎవరూ చెప్పరు. ఎక్కువైన ప్రయాణికులను దించి, వాళ్ళకి వేరే రవాణా ఏర్పాటు చేసేవరకు ఆ బండిని కదలనివ్వకూడదు. మళ్ళీ చదవండి. వేరే రవాణా ఏర్పాటు చేసేవరకు! అవ్వ అడిగిన ప్రశ్నకి పార్లమెంటు 2019లోనే జవాబు రాసి పెట్టింది. మన ఘాట్ రోడ్డు మీద ఆ జవాబు చెప్పే నాథుడు లేడు.

నా వాదన ఇదే. ఒకే సెక్షన్‌లో రెండు సగాలున్నాయి. మొదటి సగం మన జేబు నుంచి తీసుకునేది, అది అమలవుతుంది. రెండో సగం ప్రభుత్వం మనకి ఇవ్వాల్సింది, అది పుస్తకంలోనే పడి ఉంది. సగం చట్టాన్ని అమలు చేసి దానికి భద్రత అని పేరు పెడితే ఒప్పుకోవద్దు.

"ఫైన్ పడితే పడింది, అందరం క్షేమంగానే చేరాం గదా" అనుకునేవాళ్ళకి మా ఇంట్లో సంగతి చెప్తాను. నేను ఇంటర్ చదివేటప్పుడు మా మేనత్త పెళ్ళికి వెళ్ళి పికప్‌లో తిరిగొస్తుంటే బండి బోల్తా పడింది. అత్త చనిపోయింది. బండికి ఇన్సూరెన్స్ ఉంది, కాగితాలన్నీ సరిగానే ఉన్నాయి. అయినా కంపెనీ వాళ్ళు చెప్పింది ఒకటే: "ఇది సరుకు బండి, మనుషులకి మా పూచీ లేదు." ఓనర్‌ని అడుగుదామంటే ఆయనకున్న ఆస్తి ఆ బోల్తాపడ్డ బండీ, దాని మీద అప్పూ. మా మావయ్య కొన్నాళ్ళు తిరిగి తిరిగి వదిలేశాడు.

అప్పుడు నాకు అర్థం కాలేదు, ఇప్పుడు అర్థమైంది. సరుకు బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికులకి ఇన్సూరెన్స్ కంపెనీ బాధ్యత ఉండదని సుప్రీంకోర్టు 2002లో ఆశారాణి కేసులో చెప్పింది. 1994 సవరణ వల్ల తన సరుకుతో పాటు వెళ్ళే సరుకు యజమానికి మాత్రం రక్షణ ఉంది. అంటే పసుపు మూటతో వెళ్ళిన అవ్వ, ఆ మూట తనదేనని రుజువు చేసుకోగలిగితే, అడగొచ్చు. పెళ్ళికి వెళ్ళిన అత్తకి, పరీక్షకి వెళ్ళే చెల్లికి, కూలికి వెళ్ళే అన్నకి ఆ దారి కూడా లేదు.

ప్యాసింజర్ బండి అయినా పూర్తి రక్షణ లేదు. 2007లో అంజనా శ్యామ్ కేసు చూడండి. 42 మందికి ఇన్సూరెన్స్ ఉన్న బస్సులో 90 మంది ఎక్కారు. 42 మంది లెక్కకే కంపెనీ కట్టాలని, ఆ డబ్బునే బాధితులందరికీ పంచాలని, మిగతాది ఓనర్ దగ్గర వసూలు చేసుకోవాలని కోర్టు చెప్పింది. మన ఆటోలకి ఇదే లెక్క వేస్తే ముగ్గురి డబ్బు పదకొండు ఇళ్ళకి పంచుకోవాలి.

కాబట్టి బస్సు రాని ఊరికి నష్టం రెండుసార్లు. బతికున్నప్పుడు ప్రాణానికి గ్యారంటీ లేదు, పోయాక పరిహారానికి గ్యారంటీ లేదు. రోడ్డు పక్కన నిలబడి బస్సు కోసం ఎదురుచూసి, రాక, దొరికిన బండి ఎక్కినందుకు ఈ శిక్ష. బస్సు వేయనివాడికి మాత్రం ఏ సెక్షన్ కిందా ఫైన్ లేదు.

ఇక ప్రభుత్వ బస్సు సంగతికి వద్దాం. ఆర్టీసీ బస్సు ఎక్కితే చాలు, క్షేమం అని నేను అనను. 2018 సెప్టెంబర్ 11న తెలంగాణలో కొండగట్టు ఘాట్‌లో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. సీట్లకి మించి, కిక్కిరిసి ఎక్కిన బస్సు అది. 2023 ఆగస్టులో మన పాడేరు ఘాట్‌లోనే చోడవరం నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సు పడిపోయింది, ఇద్దరు పోయారు. ఆటోలో ముగ్గురికి నాలుగో మనిషి ఎక్కితే ఫోటో తీసే కెమెరా, పల్లెవెలుగు బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడే మన కాలేజీ పిల్లల వైపు ఎప్పుడైనా తిరిగిందా? తన ఆటోని తనిఖీ చేసినట్టే ప్రభుత్వం తన బస్సుని, తన రోడ్డుని కూడా తనిఖీ చేసుకోవాలి గదా.

దానికీ సెక్షన్ ఉంది. 198ఎ. రోడ్డు డిజైన్‌లో, నిర్మాణంలో, నిర్వహణలో భద్రతా ప్రమాణాలు పాటించక మనిషి చనిపోయినా, వికలాంగుడైనా బాధ్యులైన సంస్థకి, కాంట్రాక్టర్‌కి, కన్సల్టెంట్‌కి లక్ష రూపాయల వరకు పెనాల్టీ. మలుపులో పిట్టగోడ కూలి ఏళ్ళయినా అక్కడ డ్రమ్ములు పెట్టి వదిలేసిన చోట్లు మీ ఊరి దారిలో ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు. హెల్మెట్ లేదని ఫైన్ కట్టినవాళ్ళు ఈ గ్రూపులో ఎందరున్నారో చెయ్యెత్తండి. పిట్టగోడ కట్టనందుకు ఫైన్ కట్టిన కాంట్రాక్టర్‌ని చూసినవాళ్ళు ఒక్కరైనా ఉంటే కామెంట్‌లో రాయండి.

డిపోలో అడిగితే వచ్చే జవాబు తెలిసిందే. "ఆ రూటు గిట్టుబాటు కాదు." రోడ్డు రవాణా సంస్థల చట్టం 1950, 18వ సెక్షన్ ప్రకారం సమర్థంగా, సరిపడా, చౌకగా బస్సులు నడపడం సంస్థ బాధ్యత. సరిపడా అనే మాట మైదానానికే రాసుకోలేదు. పైగా 2020 జనవరి 1 నుంచి ఆంధ్రాలో ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. జీతం ఖజానా నుంచి వస్తున్నప్పుడు కొండ మీద బడికి, ఆసుపత్రికి లేని లాభనష్టాల లెక్క బస్సుకే ఎందుకు?

ఆడవాళ్ళకి ఉచిత బస్సు వచ్చింది. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రాలో 2025 ఆగస్టు 15 నుంచి. మంచిదే, నేను కాదనను. కానీ మా అవ్వకి టికెట్ ఫ్రీ, బస్సే లేదు. ఆటోకి 40 రూపాయలు ఇచ్చి, మధ్యలో దిగి, పికప్‌కి ఇంకో 20 ఇస్తోంది. పథకం డబ్బు బస్సు ఉన్న ఊరికే చేరుతుంది, లేని ఊరు చూస్తూ ఉంటుంది.

ఇప్పుడు మీలో కొందరు అడుగుతారు. "అన్నా, మనవాళ్ళ తప్పు లేదా? జీలుగు కల్లు తాగి బండి నడపడం, ముగ్గురేసి బైకు ఎక్కడం, లైసెన్స్ లేని పిల్లాడికి స్టీరింగ్ ఇవ్వడం?" ఉంది. నిజంగా ఉంది. అలాంటి ప్రమాదాల్లో స్నేహితులని పోగొట్టుకున్నాం. తాగి నడిపేవాడిని పట్టుకోండి, కేసు పెట్టండి, మనమే సాక్ష్యం చెబుదాం. ఫైన్లు ఎత్తేయమని నేను అడగడం లేదు. తాగడం మానడం మన చేతిలో ఉంది. బస్సు వేయడం మన చేతిలో లేదు. ఈ రెండింటినీ ఒకే చలానా పుస్తకంలో కలపొద్దు అంటున్నాను.

మరి ఏం అడగాలి?

ఒకటి. సంత రోజుల్లో, పరీక్షల రోజుల్లో అదనపు బస్సులు. ఎక్కడ ఓవర్‌లోడ్ కేసులు ఎక్కువ రాస్తున్నారో అక్కడ బస్సు అవసరం ఉన్నట్టే. చలానాల లిస్టే రూట్ సర్వే.

రెండు. తనిఖీలో మనుషుల్ని దించితే 194ఎ ప్రకారం అక్కడే వేరే బండి. అది చేయలేకపోతే ఆ తనిఖీ సగమే చట్టబద్ధం.

మూడు. పెద్ద బస్సు ఎక్కలేని రోడ్లకి చిన్న బండ్లు. 67వ సెక్షన్ కింద గ్రామీణ రవాణా కోసం, ఊరి చివరిదాకా బండి చేరడం కోసం ప్రత్యేక పథకాలు పెట్టి లైసెన్సులు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి 2019 నుంచి ఉంది. ఐటీడీఏ ద్వారా మన కుర్రాళ్ళకి శిక్షణ, సరైన సీట్ల పర్మిట్, ప్రయాణికులకి ఇన్సూరెన్స్ ఇప్పిస్తే ఆ ఆటో తమ్ముడే రేపు చట్టబద్ధంగా పది మందిని తీసుకెళ్తాడు.

నాలుగు. ఘాట్‌లలో పిట్టగోడలు, మలుపు బోర్డులు, బస్సుల బ్రేకుల తనిఖీ. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ఉంటుంది. మన రోడ్ల గురించి అక్కడ ఏం మాట్లాడారో బయట పెట్టాలి.

ఇవి అడగాలంటే మన చేతిలో లెక్క ఉండాలి. సెలవులకి ఊరెళ్ళినప్పుడు సంత రోజు ఒక పుస్తకం పట్టుకుని రోడ్డు పక్కన కూర్చోండి. ఎన్ని బస్సులొచ్చాయి, ఎన్ని ఆటోలు, ఎన్ని పికప్‌లు, ఒక్కోదాంట్లో ఎందరు. గ్రామసభలో తీర్మానం రాయించండి. మీ రూటులో బస్సు ఎన్ని రోజులు తిరిగింది, ఎన్ని రోజులు రద్దయింది అని సమాచార హక్కు కింద డిపోని అడగండి. ఇంకో మాట. ప్రమాదం జరిగితే ఎవరూ మా మావయ్యలా వదిలేయొద్దు. ట్రిబ్యునల్‌లో ఆరు నెలల్లోపు క్లెయిమ్ వేయాలని సవరించిన చట్టం చెప్తోంది. ముందు కంపెనీని కట్టమని, తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు కొన్ని కేసుల్లో ఆదేశించాయి. గుద్ది పారిపోయిన బండి దొరక్కపోయినా మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు వస్తాయి. మండల లీగల్ సర్వీసెస్ కమిటీలో ఎస్టీలకి ఉచితంగా లాయర్‌ని ఇస్తారు.

వచ్చే సంతకి కూడా అవ్వ పసుపు తీసుకెళ్తుంది. చెకింగ్ కూడా ఉంటుంది. ఈసారి నేను ఆటో పక్కన 194ఎ కాగితం పట్టుకుని నిలబడతాను. "సార్, ఫైన్ రాయండి, కట్టేస్తాం. రెండో సగం కూడా చదవండి" అంటాను. మీ మీ మలుపుల దగ్గర మీరూ అనండి. ఒక్కడు అంటే గొడవ, వంద మంది అంటే డిమాండ్.

మీ ఊరికి బస్సు ఎన్ని గంటలకొస్తుంది, అసలు వస్తుందా, కింద రాయండి. అందరివీ కలిపి లిస్టు నేను తయారు చేస్తాను.

జై ఆదివాసీ.