ఫ్యాక్టర్ ఎక్కించారు సరే, ఎంత ఎక్కింది?

వేసవి సెలవులకి బుదైయా నుంచి ఇండియా ప్రయాణమయ్యే ఇంట్లో హీమోఫిలియా ఉన్న బాబుంటే, సూట్‌కేసుల కన్నా ముందు సర్దేది వాడి మెడికల్ ఫైలే. ఈసారి ఆ ఫైల్లోని ఒక అంకె గురించి చెప్పుకుందాం. అదే ఫ్యాక్టర్ లెవెల్.

పిల్లలూ, రక్తం గడ్డకట్టించే ప్రోటీన్లలో ఎనిమిదోది తక్కువైతే హీమోఫిలియా-ఎ, తొమ్మిదోది తక్కువైతే హీమోఫిలియా-బి. తక్కువైనదాన్ని నరంలోకి ఎక్కిస్తారు. లెక్క మీరే వేయొచ్చు. మామూలు ఫ్యాక్టర్-8 కిలో బరువుకి ఒక యూనిట్ ఇస్తే లెవెల్ సుమారు 2 శాతం పెరుగుతుంది. 20 కిలోల బాబుకి 500 యూనిట్లంటే కిలోకి 25, అంటే 50 శాతం. ఆ తర్వాత 8 నుంచి 12 గంటల్లో అందులో సగం కరిగిపోతుంది. ఇదంతా కాగితం మీద! ఒంట్లో ఎవరి లెక్క వారిదే. చిన్నపిల్లల్లో ఇంకా త్వరగా ఖర్చవుతుంది. అందుకే ల్యాబ్ పరీక్ష.

రిపోర్టులో ఉత్త "12 శాతం" అని ఉందనుకోండి. మందెక్కించిన అరగంటకి తీసిన రక్తమైతే కంగారు పడాల్సిందే. తర్వాతి డోసుకి ముందు తీసినదైతే శుభవార్త. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో, టైము లేని లాగ్ ఫైలు చెత్తబుట్టకే.

అసలు చిక్కు పరీక్ష పద్ధతిలో ఉంది. రక్తం గడ్డకట్టే సమయాన్ని చూసేది 'వన్-స్టేజ్', రంగు మార్పును కొలిచేది 'క్రోమోజెనిక్'. ఎక్కువకాలం పనిచేసేలా తయారుచేసిన కొన్ని కొత్త మందులతో, ఒకే రక్తానికి ఈ రెండూ వేర్వేరు అంకెలు చూపించవచ్చు. 2017లో అమెరికాలో అనుమతి పొందిన ఎమిసిజుమాబ్ ఇంకో మాయ. అది ఫ్యాక్టర్ కాదు, ఫ్యాక్టర్-8 చేసే పని చేస్తుంది. అది ఒంట్లో ఉంటే వన్-స్టేజ్ పరీక్ష లేని లెవెల్ ఉన్నట్టు చూపిస్తుంది. ఆఖరి డోసు తర్వాత కూడా నెలల తరబడి ఇంతే! ఆ రిపోర్టు నమ్మి ఆపరేషన్‌కి వెళ్ళడం ప్రమాదం. ఆవు ప్రోటీన్లతో చేసే క్రోమోజెనిక్ పరీక్ష కావాలని అడగండి.

తీవ్రమైన హీమోఫిలియా-ఎ ఉన్నవారిలో దాదాపు 30 శాతం మందికి, శరీరం ఎక్కించిన ఫ్యాక్టర్‌నే శత్రువనుకుని యాంటీబాడీలు తయారుచేస్తుంది. వాటిని ఇన్హిబిటర్లు అంటారు. లెవెల్ పెరగాల్సినంత పెరగకపోతే అనుమానం ముందు వీటిమీదే. కొలిచేది బెథెస్డా పరీక్షతో.

మనవాళ్ళు ఎంతోమంది వెళ్ళే వేలూరు సి.ఎం.సి. వైద్యులు అలోక్ శ్రీవాస్తవ ముఖ్య రచయితగా, 2020లో వరల్డ్ ఫెడరేషన్ ఆఫ్ హీమోఫిలియా మార్గదర్శకాలు వెలువడ్డాయి. అందులో ల్యాబ్ పరీక్షలకి ఒక అధ్యాయమే ఉంది.

రక్తం తీసేటప్పుడు ఒక కన్నేసి ఉంచండి. నీలం మూత ట్యూబు గీత దాకా నిండాలి, సగమే నిండితే లెవెల్ తక్కువగా కనిపిస్తుంది. ఫైలు మొదటి పేజీలో మందు పేరు, యూనిట్లు, ఎక్కించిన టైము, రక్తం తీసిన టైము, పరీక్ష పద్ధతి రాసుకోండి. ఇక్కడి అంకెనీ హైదరాబాదు అంకెనీ పోల్చాలంటే ఇవన్నీ కావాలి. అన్నట్టు, రెండు దేశాల గడియారాలకీ రెండున్నర గంటల తేడా. ఏ దేశపు టైమో కూడా రాయండి.