సైగ ఎవరు నేర్చుకోవాలి?

సూరత్ రింగ్ రోడ్డు మీద జౌళి మార్కెట్ల వేళ సైకిలు తొక్కేవాడికి గంట కన్నా చెయ్యే ఎక్కువ అక్కరకొస్తుంది. వెనుక బట్టల మూటలతో తోపుడు బండి, పక్కన టెంపో, ఎదురుగా తప్పుదారిలో దూసుకొచ్చే స్కూటరు. వీటి నడుమ అరచెయ్యి పైకెత్తి, టెంపో డ్రైవరు కళ్లలోకి క్షణం చూసి, అతడు తల ఊపగానే దాటేస్తాడు. ఉధ్నా, లింబాయత్ మగ్గాల వాడల్లో స్థిరపడిన తెలుగు నేత కార్మికులకూ ఈ భాష వచ్చు. ఏ చట్టంలోనూ రాసి లేని ఈ ఒప్పందం మీదే ఆ రోడ్డు నడుస్తోంది.

డ్రైవరు లేని కారులో తల ఊపేవారు ఉండరు. ఆ లోటు దీపాలతో తీర్చవచ్చునని పరిశోధకుల ఆశ. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో కారు చుట్టూ రంగుల వెలుగులు అమర్చి, సైకిలిస్టులు వాటిని ఎలా అర్థం చేసుకుంటారో పరీక్షించారు. గూగుల్ తన కార్లకు సైకిలిస్టుల చేతి సైగలు నేర్పుతున్నట్టు 2016లో చెప్పుకుంది. మొదటి పద్ధతిలో నేర్చుకోవలసింది సైకిలిస్టు, రెండోదానిలో యంత్రం. ఈ తేడాలోనే అసలు రాజకీయం ఉంది.

2018 మార్చిలో అమెరికాలోని టెంపీ నగరంలో ఉబర్ పరీక్షా వాహనం, సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న మహిళను ఢీకొని చంపింది. పర్యవేక్షణకు కూర్చున్న వ్యక్తి ఫోనులో మునిగి ఉండటాన్నే దర్యాప్తు సంస్థ ప్రధాన కారణంగా పేర్కొంది. అయితే ఆ నివేదికలో మరో సంగతి ఉంది. యంత్రం ఆమెను 5.6 సెకన్ల ముందే గుర్తించింది. వాహనమా, మరేదైనా వస్తువా, సైకిలా అని పదే పదే అభిప్రాయం మార్చుకుంది. మార్చుకున్న ప్రతిసారీ ఆమె అంతవరకు నడిచిన దారిని మరిచిపోయింది. జీబ్రా గీతలు లేని చోట మనుషులు రోడ్డు దాటవచ్చన్న ఊహే దాని రూపకల్పనలో లేదు. రింగ్ రోడ్డులో ఆ గీతల కోసం ఆగేవారెందరు?

డ్రైవర్ల ఉపాధి పోతుంది కనుక ఇలాంటి కార్లను రానివ్వబోనని కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ 2023లో ప్రకటించారు. కారణం గౌరవనీయమైనదే. కానీ మంత్రి మాట చట్టం కాదు. పరిశోధన, నవకల్పనల పేరిట కొన్ని రకాల వాహనాలను మోటారు వాహన చట్టం నుంచే మినహాయించే అధికారాన్ని 2019 సవరణలోని 2బి సెక్షను కేంద్రానికి ఇచ్చింది. ఐఐటీ హైదరాబాద్‌లో ‘తిహాన్’ పరీక్షా క్షేత్రం 2022లోనే ప్రారంభమైంది. తమంతట తామే బ్రేకు వేసుకునే కార్లను మన షోరూముల్లో ఇప్పటికే అమ్ముతున్నారు. అంటే యంత్రం నిర్ణయం సైకిలిస్టు బతుకులోకి వాయిదాల పద్ధతిలో వచ్చేస్తోంది. గేటు మూసి ఉందని మంత్రి చెబుతుంటే, గోడ ఒక్కొక్క ఇటుకే ఊడుతోంది.

పెద్ద బస్సులు, లారీలకు చుట్టుపక్కల ఉన్న సైకిలిస్టులు, పాదచారుల గురించి డ్రైవరును హెచ్చరించే పరికరాలు తప్పనిసరి చేస్తూ 2025లో కేంద్రం ముసాయిదా విడుదల చేసింది. మంచి అడుగు. హెచ్చరిక వినడానికి అక్కడ డ్రైవరు ఉన్నాడు. అతడు లేని వాహనానికి నిబంధన మరింత కఠినంగా ఉండాలి: ఎదుట ఉన్నదేమిటో తేల్చుకోలేకపోతే వేగం తగ్గించి ఆగాలి, ప్రమాదం జరిగితే తన యంత్రం తప్పు లేదని తయారీదారే నిరూపించుకోవాలి. 2బి కింద ఏ మినహాయింపు ఇచ్చినా ఈ రెండు షరతులనూ అందులోనే రాయాలి. మూట కట్టిన సైకిలు, వెలగని వీధి దీపం, తప్పుదారి స్కూటరు ఉన్న పరీక్షలో నెగ్గని వాహనానికి అనుమతి పత్రం ఇవ్వకూడదు. ఆ పరీక్షకు ప్రశ్నపత్రం రింగ్ రోడ్డు మీద రోజూ సిద్ధంగానే ఉంటుంది.