పత్తి పింజలో పాలిమర్ పాఠం



మన హాస్టళ్ళలో ఇంటర్ దాకా వచ్చిన తమ్ముళ్ళలో చాలామందికి కెమిస్ట్రీ అంటే భయం. అందులోనూ పాలిమర్లు అంటే గైడు చూసి బట్టీ పట్టే పాఠం. పాలిథిన్, పి.వి.సి., నైలాన్, బేకలైట్ అని పేర్లు వల్లె వేస్తాం, పరీక్ష రాస్తాం, మరిచిపోతాం. ఈ పాఠం మనది కాదు, ఎక్కడో ఫ్యాక్టరీలది అనుకోవడమే దీనికి కారణమని నా అభిప్రాయం. నిజానికి భైంసా చుట్టుపక్కల నల్లరేగడి ఊళ్ళలో పెరిగిన మనకు ఈ పాఠం చాలా దగ్గరిది. మన అమ్మానాయినలు చేన్లో ఏరే పత్తి కూడా పాలిమరే.

చిన్న అణువులు రసాయన బంధాలతో ఒకదానికొకటి కలుస్తూ పోతే పొడవైన గొలుసు తయారవుతుంది. చిన్న అణువును మోనోమర్ అంటాం, గొలుసును పాలిమర్ అంటాం. కలిసే పద్ధతులు ముఖ్యంగా రెండు. ఇథిలీన్ అణువులో ద్విబంధం తెరుచుకొని పక్క అణువుతో కలుస్తుంది, ఏదీ బయటికి పోదు. అది సంకలన పద్ధతి, అట్లా వచ్చేదే మనం వాడే పాలిథిన్ కవరు. రెండో పద్ధతిలో రెండు అణువులు కలిసిన ప్రతిసారీ నీటి లాంటి చిన్న అణువు ఒకటి బయటికి పోతుంది. అది సంఘనన పద్ధతి, నైలాన్ అట్లా వస్తుంది. పత్తిలో ఉండే సెల్యులోజ్‌లో కూడా గ్లూకోజ్ అణువులు వేల సంఖ్యలో, ఒక్కో కలయికకు ఒక్కో నీటి అణువు తక్కువయ్యే లెక్కన, వరుసగా కలిసి ఉంటాయి. పత్తి పింజలో పది వంతుల్లో సుమారు తొమ్మిది వంతులు ఈ సెల్యులోజే.

ఇంత పెద్ద అణువులు ఉంటాయని 1920లో జర్మనీ శాస్త్రవేత్త హెర్మన్ స్టాడింగర్ చెప్తే ఆనాటి పేరున్న రసాయన శాస్త్రవేత్తలు చాలామంది ఒప్పుకోలేదు. అవి చిన్న అణువుల గుంపులే తప్ప ఒకే గొలుసు కాదన్నారు. ఆయన పట్టు వదలలేదు. 1953లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఇంకొక సంగతి చూడండి. మనం తినే జొన్నరొట్టెలోని పిండిపదార్థం కూడా గ్లూకోజ్ గొలుసే. మోనోమర్ ఒకటే అయినా కలిసే తీరు వేరు. పిండిపదార్థంలో బంధం ఆల్ఫా రకం, సెల్యులోజ్‌లో బీటా రకం. ఆ ఒక్క తేడాతో ఒకటి మన కడుపులో అరుగుతుంది, ఇంకొకటి అరగదు. ఎడ్లు, బర్రెలు గడ్డి తిని బతుకుతున్నాయంటే వాటి కడుపులోని సూక్ష్మజీవులు ఆ బీటా బంధాన్ని తెంచడం వల్లనే. మన పాత ఆదిలాబాద్ జిల్లా కాగజ్‌నగర్‌లో వెదురు, కర్ర నుంచి కాగితం చేసిందీ ఈ సెల్యులోజ్‌తోనే.

ఇదంతా తెలిస్తే మనకేం వస్తుంది అని అడగవచ్చు. పత్తి మార్కెట్‌కు పోయి చూడండి. సి.సి.ఐ. కొనుగోలులో 8 శాతం తేమ ఉన్న పత్తికే పూర్తి మద్దతు ధర. ఆపైన ఒక్కో శాతానికి ధరలో ఒక్కో శాతం కోత. 12 శాతం దాటితే కొనరు. 2025–26 సీజనుకు పొడుగు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. అదే పత్తి 12 శాతం తేమతో ఉంటే వచ్చేది 7,785 రూపాయల 60 పైసలు. పది క్వింటాళ్ళు అమ్మిన రైతుకు 3,244 రూపాయలు పోయినట్టు.

పత్తి తేమను ఎందుకు పట్టుకుంటుంది? సెల్యులోజ్ గొలుసులో ఒక్కో గ్లూకోజ్ భాగానికి మూడేసి హైడ్రాక్సిల్ సమూహాలు ఉంటాయి. అవి గాలిలోని నీటి అణువులను హైడ్రోజన్ బంధాలతో లాగి పట్టుకుంటాయి. పాలిథిన్‌లో కార్బన్, హైడ్రోజన్ తప్ప ఏమీ లేవు కాబట్టి దానికి నీరు అంటదు. మంచు ఆరినంక పత్తి ఏరాలని, ఎండలో ఆరబెట్టాలని మన పెద్దలు చెప్పే మాటలో ఉన్న కెమిస్ట్రీ ఇదే. తేమ మిషన్ ముందు నిలబడ్డ నాయినకు ఆ అంకె ఏమిటో, ఎందుకు వచ్చిందో చెప్పగలిగే కొడుకో బిడ్డో ఇంట్లో ఉండాలా వద్దా?

చదువు వస్తే ధర పెరుగుతుందని నేను అనడం లేదు. ధర నిర్ణయించేది మనం కాదు. గైడు లేకుండా పరీక్ష గట్టెక్కుతుందని కూడా అనను. నైలాన్ తయారీ అడిగితే నైలానే రాయాలి. కానీ సెల్యులోజ్‌లో నీటి అణువు ఎట్లా పోతుందో అర్థమైనవానికి నైలాన్ సమీకరణం బట్టీ పట్టే పని తగ్గుతుంది. భారం తగ్గించాలని ఎన్.సి.ఇ.ఆర్.టి. పన్నెండో తరగతి కెమిస్ట్రీలో పాలిమర్ల అధ్యాయాన్ని తీసేసింది, 2023లో వచ్చిన పుస్తకంలో అది లేదు. భారమైంది పాఠం కాదు, చెప్పే తీరు అని నేననుకుంటాను. పట్నంలో కోచింగుకు పోయే పిల్లలు ఆ పాఠాన్ని ఎక్కడైనా నేర్చుకుంటారు. మనలాంటివాళ్ళకు పుస్తకంలో లేకపోతే ఇంకెక్కడా ఉండదు.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను, ఇప్పుడు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను. ఆ హక్కుతో పూర్వ విద్యార్థులకు ఒక మనవి. సెలవుల్లో ఊరికి వచ్చినప్పుడు ఒక ఆదివారం హాస్టల్‌కు రండి. మందుల షాపులో దొరికే టింక్చర్ అయోడిన్ సీసా ఒకటి తెండి. అన్నం గంజి మీద ఒక చుక్క, పత్తి పింజ మీద ఒక చుక్క వేసి చూపించండి. గంజి నల్లటి నీలం అవుతుంది, పత్తి కాదు. రెండూ గ్లూకోజే కదా, ఎందుకిట్లా అని తమ్ముళ్ళు అడుగుతారు. పాఠం అక్కడి నుంచి మొదలుపెట్టండి.

తమ్ముళ్ళూ, లెక్కలు, సైన్సు మనకు రావని ఎవరో అన్నారని గ్రూపు మార్చుకోకండి. మన ఇంట్లో వాళ్ళ చేతుల్లో ఉన్న పత్తిలోనే ఈ సైన్సు ఉంది. దాని పేరు, దాని తీరు నేర్చుకోవడం మన వంతు.